సలహాల డబ్బాలో చీటీలు ఎందుకు ఆగిపోయాయి?

ప్రశ్న: నమస్కారం సార్. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు సంచుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. 36 లూములు (నేత యంత్రాలు), 3 షిఫ్టులు, అందరం కలిసి 140 మంది దాకా ఉంటాం. మా ఓనర్ గారు పోయిన ఏడాది హైదరాబాద్‌లో ట్రైనింగ్‌కు వెళ్ళొచ్చి కైజెన్ (అందరూ కలిసి పనిని కొంచెం కొంచెంగా మెరుగుపరుచుకునే జపాన్ పద్ధతి) మొదలుపెట్టారు. గోడలకు బోర్డులు, గేటు దగ్గర సలహాల డబ్బా పెట్టించారు. ఒక్కొక్కరు నెలకొక సలహా ఇవ్వాలన్నారు. మొదటి నెల డబ్బా నిండింది. ఇప్పుడు ఒక్క చీటీ కూడా పడటం లేదు. వేస్టేజ్ మాత్రం పెరుగుతోంది. సంచులు పగులుతున్నాయని సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ఒక లోడు వెనక్కి వచ్చింది. దాంతో వేస్టేజ్ టార్గెట్ దాటిన షిఫ్టు మొత్తానికి జీతంలో కోత పెట్టారు. "వీళ్ళకు బాధ్యత లేదు" అంటారాయన. "చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, ఇంకేం చెప్పాల సార్" అంటారు మా వాళ్ళు. రాత్రిళ్ళు టేపు అంచుకు నూగు లేస్తోందని, అందుకే తెగుతోందని మా సీనియర్ ఆపరేటర్ ఒకాయన ఎప్పటినుంచో అంటున్నాడు. టేప్ ప్లాంట్ వాళ్ళను అడిగితే "బ్లేడ్లు పొద్దున స్టోర్ తెరిచాకే వస్తాయి, మేమేం చేయాల" అంటారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. పైవాళ్ళనూ కిందివాళ్ళనూ ఒక మాట మీదికి తేవడం ఎట్లా? మంచి సలహాలకు క్యాష్ ప్రైజ్ పెడితే పనిచేస్తుందా?
– ఒక షిఫ్ట్ సూపర్‌వైజర్, కడప జిల్లా

సమాధానం: మీరు రెండు ముక్కల్లో రాసి వదిలేసిన బ్లేడ్ల సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. మీ ప్రశ్నకు జవాబు చాలావరకు అందులోనే ఉంది.

ఈ పని తెలియని పాఠకుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. ప్లాస్టిక్ గ్రాన్యూల్స్ కరిగించి ఎక్స్‌ట్రూడర్‌లో పలుచటి ఫిలిమ్ తీస్తారు. నీళ్ళ తొట్టిలో చల్లారిన ఆ ఫిలిమ్‌ను వరసగా బిగించిన బ్లేడ్లు సన్నటి టేపులుగా చీలుస్తాయి. టేపును వేడి మీద సాగదీసి బాబిన్లకు, అంటే కండెలకు, చుడతారు, ఆ బాబిన్లు లూముల దగ్గరికి పోతాయి. ఫిలిమ్‌లో కలిపే ఫిల్లర్ అంటే ఎక్కువగా కాల్షియం కార్బొనేటే, సుద్ద. అది బ్లేడు పదును తినేస్తుంది. మొద్దుబారిన బ్లేడు ఫిలిమ్‌ను నున్నగా కోయలేదు, చింపుతుంది. అంచుకు నూగు లేచేది అప్పుడే. ఆ నూగుతోనే టేపు లూమ్ మీదికి వచ్చి, వందల టేపుల మధ్య రాపిడికి ఎక్కడో ఒకచోట తెగుతుంది. ఆపరేటర్ లూమ్ దగ్గరికి పరిగెత్తి, ముడి వేసి, మళ్ళీ నడపాలి. అప్పటికే పక్క లూమ్ ఆగి ఉంటుంది. ఆ హడావుడిలో ఒక టేపు తప్పిపోతే గుడ్డలో సన్నటి గీత పడుతుంది. 50 కిలోల సిమెంటు నింపిన సంచి కింద పడినప్పుడు పగిలేది చాలాసార్లు ఆ గీత వెంబడే.

పొద్దున స్టోర్ తెరిచాక పెట్టిన బ్లేడు రాత్రి రెండు గంటలకు కూడా అదే ఉంటే దాని అంచు ఎట్లా ఉంటుందో మీ సీనియర్ ఆపరేటర్ చేత్తో తడిమి చెబుతున్నాడు. బాధ్యత లేదని మీ ఓనర్ గారు అంటున్న చోట నాకు కనబడుతున్నది స్టోర్ తాళంచెవి. స్టోర్ కీపర్ జనరల్ షిఫ్టులో వచ్చి సాయంత్రం తాళం వేసుకుని పోతాడు. అది ఆయన తప్పు కాదు, ఆయనకు అట్లాగే చెప్పి ఉంటారు. టేప్ ప్లాంట్ వాళ్ళూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి పని వాళ్ళు చేస్తూనే ఉన్నారు, సంచి మాత్రం పగులుతోంది.

ఒక జాగ్రత్త చెబుతాను. ఆపరేటర్ మాటను కొట్టిపారేయడం ఎంత తప్పో, పరీక్షించకుండా నమ్మేయడం కూడా అంతే తప్పు. టేపు తెగడానికి కారణాలు ఇంకా ఉంటాయి. ఎక్స్‌ట్రూడర్ జాలీ మూసుకుపోతే తెగుతుంది. ఫిల్లర్‌కు తేమ పడితే తెగుతుంది. మే నెలలో మన కడప ఎండకు తొట్టిలో నీళ్ళు వేడెక్కినా టేపు గుణం మారుతుంది. బాబిన్ వదులుగా చుట్టినా అంతే. కాబట్టి ఒక వారం రోజులు నాలుగైదు బ్లేడ్ల సెట్లు సాయంత్రమే స్టోర్‌లోంచి తీయించి టేప్ ప్లాంట్‌లో పెట్టించండి, రాత్రి షిఫ్ట్ మొదలవగానే మార్పించండి. దానికి ముందు వారం ఎన్నిసార్లు తెగిందో, ఆ వారం ఎన్నిసార్లు తెగిందో చూడండి.

లెక్క ఎట్లా అంటారా? ప్రతి లూమ్‌కు ఒక చిన్న పలక, ఒక సుద్దముక్క చాలు. టేపు తెగి ఆగితే ఒక గడిలో గీత, షటిల్‌లో బాబిన్ అయిపోయి ఆగితే ఇంకో గడిలో గీత, కరెంటు పోతే మూడో గడి. గడుల మీద అక్షరాలు వద్దు, బొమ్మలు గీయించండి. మీ దగ్గర ఒడిశా, బిహార్ కుర్రాళ్ళు ఉండే ఉంటారు. మన వాళ్ళలో కూడా రాయడానికి మొహమాటపడేవాళ్ళు ఉంటారు. గీత గీయడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. షిఫ్ట్ అయ్యాక పలక ఫోటో మీ ఫోన్‌లో తీసుకుని తుడిచేయండి. ఆ లెక్కతో ఏ ఆపరేటర్‌నూ ఏమీ అనబోమని ముందే చెప్పండి, చెప్పిన మాట మీద నిలబడండి. పలక చూపించి ఒక్కరిని తిట్టినా మర్నాటి నుంచి అన్ని పలకలూ శుభ్రంగా ఉంటాయి.

ఇక సలహాల డబ్బా. మొదటి నెల నిండిందని రాశారు. ఆ చీటీలు ఏమయ్యాయో రాయలేదు. ఎవరైనా చదివారా? చదివి జవాబు చెప్పారా? జీతం మీద బతికే మనిషి, పైవాళ్ళకు కోపం వస్తుందేమోనని ఒకటికి రెండుసార్లు ఆలోచించి చీటీ రాస్తాడు. వారం చూస్తాడు, నెల చూస్తాడు. ఏ కబురూ లేకపోతే ఇక రాయడు. "కాదు" అన్నా ఇంత బాధ ఉండదు. ఎందుకు కుదరదో చెబితే మనిషి అర్థం చేసుకుంటాడు, ఇంకో సలహాతో వస్తాడు. పలకరింపే లేకపోవడం మాత్రం అవమానంగా ఉంటుంది. మీ ఫ్యాక్టరీలో పైనా కిందా ఒక మాట మీద లేకపోవడానికి అసలు కారణం ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. కిందివాళ్ళు చెప్పారు, పైనుంచి జవాబు రాలేదు.

టొయోటా కంపెనీలో కార్మికుల సలహాల పద్ధతి 1951లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. సలహా ఇచ్చిన మనిషి దగ్గరికి అతని పైఅధికారే వచ్చి మాట్లాడతాడు, ఆ సలహాను పనిలో పెట్టడంలో ఇద్దరూ కలుస్తారు. అంత దూరం పోనక్కర్లేదు. మన దేశంలో క్వాలిటీ సర్కిళ్ళు మొదలైంది హైదరాబాద్ రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లోనే, 1980లో, ఎస్.ఆర్. ఉడ్ప గారి చొరవతో. ఒకేచోట పనిచేసే కొద్దిమంది కార్మికులు క్రమం తప్పకుండా కూర్చుని, తమ పనిలోని చిక్కును తామే ఎంచుకుని, కారణం వెతికి, పరిష్కారాన్ని పైవాళ్ళ ముందు పెట్టడమే దాని పద్ధతి. రెండేళ్ళకు, 1982లో, క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా కూడా సికింద్రాబాద్ కేంద్రంగానే మొదలైంది. యంత్రం ముందు నిలబడే మనిషి బుర్రతో పనిచేయగలడని తెలుగు నేల మీద ఎప్పుడో రుజువైంది.

మీరు చేయాల్సింది ఇదీ. ఆ పాత చీటీలు ఎక్కడున్నా వెతికి తీయండి. మేనేజర్ గారితో కూర్చుని ఒక్కొక్కటీ చదవండి. మూడొంతులు చిన్నచిన్నవే ఉంటాయని నా అనుభవం: ఫ్యాన్ తిరగడం లేదు, ట్రాలీ చక్రం ఊడింది, తాగునీళ్ళు దూరం, కటింగ్ టేబుల్ ఎత్తు తక్కువై నడుం నొప్పి. ఇవి కైజెన్ కాదని పక్కన పెట్టకండి. ముందు ఇవే చేయించండి, ఆ వారంలోనే. కుదరనివాటికి ఎందుకు కుదరదో ఒక వాక్యంలో బోర్డు మీద రాయండి. డబ్బా తీసేసినా ఫర్వాలేదు. దాని బదులు షిఫ్ట్ మారేటప్పుడు పది నిమిషాలు నిలబడి మాట్లాడుకోండి. దిగే షిఫ్టు వాళ్ళు ఏ లూమ్ సతాయించిందో ఎక్కే షిఫ్టు వాళ్ళకు చెప్పాలి, మీరు వినాలి. ఆ పది నిమిషాలకు జీతం ఇప్పించండి. బస్సు పోతుందన్న టెన్షన్‌లో ఉన్న మనిషిని నిలబెట్టి మీటింగ్ పెడితే వాచీ చూసుకుంటాడు తప్ప నోరు విప్పడు. కటింగ్, స్టిచ్చింగ్ దగ్గర ఆడవాళ్ళు ఉంటే వాళ్ళతో విడిగా మాట్లాడండి. నలుగురు మగవాళ్ళు నిలబడ్డ చోట వాళ్ళు చెప్పరు. పగిలే గుడ్డను అందరికంటే ముందు చేత్తో పట్టుకునేది మాత్రం వాళ్ళే.

ఇప్పుడు కష్టమైన సంగతికి వద్దాం. షిఫ్టు మొత్తానికి జీతంలో కోత పెట్టడం న్యాయం కాదు, చట్టం కూడా ఒప్పుకోదు. నష్టానికి జీతం కోయాలంటే అది ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, అతని వివరణ అడగాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నుంచీ ఈ నియమం ఉంది, 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. ముప్పై మందికి కలిపి కోత వేసి, రాత్రి బ్లేడు దొరకని ఖర్చును లూమ్ ఆపరేటర్ జీతంలోంచి రాబట్టడం ఏ లెక్కకూ నిలవదు. చట్టం సంగతి అట్లా ఉంచినా, కోత మొదలైన రోజు నుంచి వేస్టేజ్ దాక్కోవడం మొదలవుతుంది. గీత పడిన గుడ్డ మంచి రోల్ లోపలి చుట్లలోకి పోతుంది. తెగిన టేపు ముక్కలు ఎవరూ చూడని మూలకు చేరతాయి. తూకంలో శాతం తగ్గినట్టే కనబడుతుంది. సంచులు మాత్రం సిమెంటు ఫ్యాక్టరీ ప్యాకర్ దగ్గర పగులుతాయి. మీ లోడు కోతకు ముందే వెనక్కి వచ్చింది, కోత ఇట్లాగే సాగితే ఇంకోటి కూడా రావచ్చు.

టార్గెట్లు కూడా ఒకసారి చూడండి. టేప్ ప్లాంట్ ఇన్సెంటివ్ కిలోల మీద, లూమ్ ఇన్సెంటివ్ మీటర్ల మీద ఉందేమో కనుక్కోండి. చాలాచోట్ల అట్లాగే ఉంటుంది. కిలోల మీద డబ్బు వచ్చే మనిషి బ్లేడ్లు మార్చడానికి లైన్ ఆపుతాడా? ఆపితే అతని కిలోలు పోతాయి. ఆపకపోతే లూమ్ వాళ్ళ మీటర్లు పోతాయి. ఇద్దరూ ఒకే క్యాంటీన్‌లో అన్నం తింటూ ఒకరినొకరు తిట్టుకుంటారు. ఆ తగువు పెట్టింది ఆఫీసులో కూర్చుని వేసిన లెక్క. టేప్ ప్లాంట్ వాళ్ళ ఇన్సెంటివ్‌లో కొంత భాగాన్ని లూముల మీద టేపు ఎన్నిసార్లు తెగిందన్న లెక్కకు ముడిపెట్టమని అడగండి. డెనియర్, అంటే టేపు ఎంత సన్నమో బరువుతో చెప్పే కొలత, దాని సంగతీ అందులోకే వస్తుంది. 90 మీటర్ల టేపును గ్రాముల్లో తూచి వందతో గుణిస్తే డెనియర్ తెలుస్తుంది కదా. షిఫ్టుకు రెండుసార్లు అది తూచి లూమ్ షెడ్‌లో కనబడేట్టు రాయించండి. తమకు వస్తున్న టేపు ఎట్లాంటిదో నేసేవాళ్ళకు తెలియాలి.

ఇదంతా ఓనర్ గారికి ఎట్లా చెప్పాలన్నదే మీ అసలు భయం అనుకుంటాను. నేరుగా ఆయన దగ్గరికి పోవద్దు. ముందు మేనేజర్ గారికి పలకల లెక్క చూపించండి, ఆయన పేరు మీదే పైకి పోనివ్వండి. తనను దాటి పోయారని అనిపిస్తే మంచి మాట కూడా అక్కడే ఆగిపోతుంది. మీకు పేరు రాకపోయినా పని జరగనివ్వండి. ఇక ఓనర్ గారికి రూపాయల్లో చెప్పండి. మీరు నెలకు 200 టన్నుల గుడ్డ నేస్తున్నారనుకుందాం. వేస్టేజ్‌లో ఒక్క శాతం అంటే 2 టన్నులు. కొన్న ధరకూ, ఆ వేస్టును మళ్ళీ కరిగించి వాడితే వచ్చే విలువకూ మధ్య తేడా మీ అకౌంటెంట్‌కు తెలుసు. దాని పక్కన రాత్రికొక సెట్ అదనపు బ్లేడ్ల ఖరీదు రాయండి. వెనక్కి వచ్చిన లోడు లారీ కిరాయి కూడా రాయండి. ఒక్క కాగితం చాలు.

తర్వాత ఒక్క రాత్రి ఆయన్ను లూమ్ షెడ్‌కు రమ్మనండి. తెల్లవారుజామున నాలుగైదు గంటల వేళ, కోట్లు పెట్టి కట్టిన షెడ్‌లో ఏం జరుగుతుందో చాలామంది ఓనర్లకు తెలియదు. రేపు పొద్దున మార్చబోయే బ్లేడు కింద వచ్చిన టేపు ముక్క, కొత్త బ్లేడు కింద వచ్చిన ముక్క రెండూ ఆయన చేతికివ్వండి. వేళ్ళ మధ్య లాగి చూడమనండి. మీ సీనియర్ ఆపరేటర్‌నే చెప్పనివ్వండి, మీరు మధ్యలో అందుకోవద్దు. ఓనర్ గారికి ముందే ఒక్క మాట చెప్పి ఉంచండి: "ఎవరు చేశారు" అని అడగొద్దు, "ఎప్పటినుంచి ఇట్లా ఉంది, నీకు ఏం కావాలి" అని అడగమనండి. మీ ఓనర్ గారు చెడ్డవారని నేను అనుకోవడం లేదు. ట్రైనింగ్‌కు పోయి, ఖర్చు పెట్టి బోర్డులు పెట్టించిన మనిషి. మార్పు తన దగ్గర కూడా మొదలవ్వాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ రాత్రి ఆయన దగ్గర ఒక నిర్ణయం తీసుకోండి. బ్లేడు మార్చడానికి లైన్ ఆపే అధికారం టేప్ ప్లాంట్ ఆపరేటర్‌కే ఇవ్వాలి, ఎవరినీ అడగకుండా. టొయోటా లైన్ మీద కార్మికుడు తాడు లాగితే టీమ్ లీడర్ పరిగెత్తుకుని వస్తాడు, అప్పటికప్పుడు తేలకపోతే లైన్ ఆగుతుంది. అమెరికాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన ప్లాంట్‌ను 1984లో టొయోటాతో కలిసి మళ్ళీ తెరిచారు. పనివాళ్ళలో ఎక్కువమంది పాతవాళ్ళే. గొడవలకూ, పనికి రాకపోవడానికీ పేరుపడిన ఆ మనుషులే మంచి నాణ్యతతో కార్లు తీశారు. వాళ్ళ చేతికి ఆ తాడు ఇచ్చారు, లాగినందుకు తిట్టలేదు.

కార్మికులను కూర్చోబెట్టి మాట్లాడితే యూనియన్ పెడతారని ఎవరైనా భయపెట్టవచ్చు. 100 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట యాజమాన్యం, కార్మికులు సమానంగా కూర్చునే వర్క్స్ కమిటీ వేయమని ప్రభుత్వం ఆదేశించవచ్చని 1947 పారిశ్రామిక వివాదాల చట్టమే చెప్పింది. మాట్లాడుకోవడంలో కొత్త ప్రమాదమేమీ లేదు.

బయటి సాయం కావాలంటే కేంద్ర ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) శాఖ 2023లో లీన్ స్కీమ్, అంటే పనిలో వృథాను తగ్గించే పథకం, తెచ్చింది. కన్సల్టెంట్ ఖర్చులో 90 శాతం ప్రభుత్వం భరించేట్టు దాన్ని పెట్టారు. కడపలో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగితే దారి చెబుతారు. కాకపోతే దానికి ఇప్పుడే పోవద్దని నా సలహా. చీటీలకు జవాబులు చెప్పుకున్నాక పోండి. లేకపోతే ఇంకో నాలుగు బోర్డులు వస్తాయి.

క్యాష్ ప్రైజ్ వద్దు. చిన్న మొత్తమైతే చిన్నబుచ్చినట్టు ఉంటుంది, పెద్దదైతే ఆ ఆలోచన ఎవరిదన్న తగవు వస్తుంది. మీరు అడగాల్సింది ఇంకొకటి ఉంది, మీ వాళ్ళు మీతో కూడా చెప్పనిది. టేపు తెగడం తగ్గితే ఆపరేటర్‌కు పరుగు తగ్గుతుంది. అప్పుడు మనిషికి ఇంకో రెండు లూములు అంటగట్టి, మిగిలిన వాళ్ళను ఇంటికి పంపుతారేమోనన్నదే ఆ భయం. అది వాళ్ళ తిండి గురించిన భయం, ఊహించుకున్నది కాదు. కొన్నిచోట్ల అట్లా జరిగింది కూడా. తన సలహాతో పక్కవాడి ఉద్యోగం పోతుందనుకుంటే ఎంత తెలివైనవాడైనా నోరు మూసుకుంటాడు. కాబట్టి ఇవన్నీ మొదలుపెట్టే ముందే, బాగుపడటం వల్ల ఎవరి పనీ పోదని, షిఫ్టు కోతలు ఈ నెల నుంచే ఎత్తేస్తున్నామని ఓనర్ గారి చేత చెప్పించండి. మేనేజర్ నోటితో వద్దు, నోటీసు బోర్డు మీద వద్దు. మూడు షిఫ్టులకూ ఆయనే వచ్చి, లూముల మధ్య నిలబడి, తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పాలి. దానికి ఆయన ఇంకా సిద్ధంగా లేకపోతే పలకలు, డెనియర్ లెక్క, పది నిమిషాల మాట మీ షిఫ్టులో మీరు మొదలుపెట్టండి. సలహాలు మాత్రం ఆయన ఆ మాట ఇచ్చేదాకా ఎవరినీ అడగకండి.